విన్నీ డర్కన్ కలిపిన వరసలు

విన్నీ డర్కన్‌కి ఈ భూమ్మీద పరాయివాళ్ళంటూ లేరు. చుట్టరికం తేలినవాళ్ళు, ఇంకా తేలనివాళ్ళు, ఆవిడ లెక్కలో మనుషులు ఈ రెండే రకాలు. ఐర్లండ్‌లోని మేయో కౌంటీ నుంచి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి వచ్చి, కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టీ పోసే పనిలో కుదిరిన నాటి నుంచీ ఆవిడకి ఇదే వరస.

కొత్త కుర్రాడెవడైనా కప్పు చాపాడా, టీ కూజా గాల్లోనే ఆగిపోయేది.

"ఏ కౌంటీ నాయనా మీది?"

"గాల్వే అండి."

"గాల్వేలో ఏ ఊరు?"

వాడు చెప్పేవాడు.

"ఎవరి తాలూకు?"

తండ్రి పేరు చెబితే చాలదు. తాత ఎవరు, అమ్మమ్మ పుట్టిల్లు ఏది, మేనత్తని ఏ ఊరిచ్చారు, అన్నీ ఒప్పజెప్పాలి. ఈలోగా వాడి వెనకాల వరుస గుమ్మం దాటిపోయేది. చివరికెప్పుడో విన్నీ మొహం వెలిగేది. "ఓరి నీ అసాధ్యం కూలా! మీ మేనత్తని ఇచ్చింది మా పెదనాన్న తోడల్లుడి ఇంటికేరా! ఆ చెవులు చూడగానే అనుకున్నా." అప్పుడు కూజా వంగేది. అప్పటికి టీ చల్లారిపోయేది. వేడి టీ కావాలంటే ముందు చుట్టమవ్వాలి, చుట్టమయ్యేసరికి వేడి ఉండదు. క్యాంటీన్‌లో అందరూ దీనికి అలవాటుపడిపోయారు.

చుట్టరికం తేలాక ఆవిడ ఊరికే వదిలేది కాదు. ఒకడు పెరటి తలుపుకి రంగు వేయాలి, ఇంకొకడు బొగ్గు మోయాలి, ఊళ్ళో ఏ ఐరిష్ మనిషి పోయినా అందరూ టోపీలు తీసి శవం వెంట నడవాలి. దానికి బదులుగా ఆదివారం పూజ అయ్యాక ఆవిడ ఇంట్లో క్యాబేజీ, ఉప్పుమాంసం, కడుపు పట్టినన్ని బంగాళదుంపలు. జ్వరమొచ్చి ఎవడైనా ఆస్పత్రిలో పడితే, కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన విన్నీ కూర్చుని పక్క మంచమాయన అమ్మమ్మ వివరాలు రాబడుతూ ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే తీరిక మాత్రం ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు.

ఒక సాయంత్రం సైకిలు మీద వస్తుంటే పోలీసాయన ఆపాడు. నిలువెత్తు ఇంగ్లీషు మనిషి.

"దీపం లేదేమమ్మా?"

"దీపం మాట తర్వాత. నీ పేరేంటి బాబూ?"

"పేర్లు అడగాల్సింది నేను."

"అడుగుదువుగాని, ఎక్కడికీ పోను. ముందు నీది చెప్పు."

"పెంబర్టన్." చెప్పి, ఎందుకు చెప్పానా అనుకున్నాడు.

"ఆ పేరుతో లాభం లేదు. మీ అమ్మవైపు?"

"మా అమ్మది బర్మింగ్‌హామ్."

"ఆవిడ తల్లి?"

పోలీసాయన టోపీ వెనక్కి నెట్టి ఆలోచనలో పడ్డాడు. "అమ్మమ్మని నాకు సరిగ్గా గుర్తులేదు. ఎక్కడో మేయో నుంచి పడవెక్కి వచ్చిందని అనేవాళ్ళు."

అంతే. ఆయన సైకిలు తోసుకుంటూ ఆవిణ్ణి ఇంటిదాకా దిగబెట్టాడు. ఆ వచ్చే ఆదివారం క్యాబేజీ తిన్నాడు. సైకిలుకి దీపం కూడా ఆయనే కొని బిగించాడు.

ఇన్ని చుట్టరికాల్లోనూ విన్నీ నెత్తిన పెట్టుకుని ఊరేగేది ఒక్కటే. అది హనోరా లాఫ్టస్‌తో చుట్టరికం. ఆవిడ భర్త లాఫ్టస్ గారు ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. వాళ్ళింట్లో పియానో ఉంది. దాన్ని ఎవరూ వాయించరు, కానీ ఉంది. ఏటా జరిగే మేయో సంఘం విందులో హనోరాది పెద్దబల్ల దగ్గర నడిమి కుర్చీ. "మా అమ్మమ్మా వాళ్ళమ్మమ్మా అక్కచెల్లెళ్ళు, క్లియరీల ఆడపడుచులు" అని విన్నీ తేల్చేసిన నాటి నుంచీ, ఆ పెద్దబల్లకి ఒక చివర, నెమలికంఠం రంగు ఈక గుచ్చిన టోపీతో, విన్నీ కూడా కూర్చునేది. క్యాంటీన్ మనిషి తనకి అక్క వరసవడం హనోరాకి పెద్ద సంబరమేమీ కాదు. అయినా కాదనడానికి ఆవిడ దగ్గర ఆధారం లేదు. విన్నీ ఆ విందు కోసం ఏడాది పొడుగునా ఎదురుచూసేది.

అదే ఫ్యాక్టరీలో సీట్లు బిగించే పనిలో మాలకీ ఫోర్డ్ అనే కుర్రాడుండేవాడు. కోవెంట్రీ మొత్తంలో విన్నీ చేతి టీ తాగని ఐరిష్‌వాడు అతనొక్కడే. చలికాలంలో కూడా పంపు కింద దోసిలి పట్టి నీళ్ళు తాగేవాడు. ఎందుకంటే "ఎవరి తాలూకు" అంటే చెప్పడానికి మాలకీ దగ్గర ఏమీ లేదు. నెలల పసికందుగా అనాథాశ్రమం గుమ్మంలో దొరికాడు. పేరు కూడా అక్కడి వాళ్ళు పెట్టిందే. ఎవరైనా అడిగితే "డబ్లిన్" అని తప్పించుకునేవాడు. అంత పెద్ద ఊళ్ళో ఎవరు ఎవరిని వెతుకుతారు?

అలాంటివాడు ప్రేమించక ప్రేమించక ఎవరిని ప్రేమించాలి? డాన్సు హాల్లో కలిసిన కార్మెల్ లాఫ్టస్‌ని. సాక్షాత్తూ హనోరా కూతుర్ని.

కార్మెల్‌కి సంగతంతా తెలుసు. "నాకేం పట్టింపు లేదు మాలకీ" అంది. "కానీ మా అమ్మ అడిగే మొదటి ప్రశ్న అదే. ఆదివారం నిన్ను టీకి రమ్మంది."

"నిజం చెప్పేస్తాను."

"చెప్పు. కానీ ఇంకో సంగతి." కార్మెల్ గొంతు తగ్గించింది. "నీ పుట్టుపూర్వోత్తరాలు తేల్చడానికి అమ్మ విన్నీని కూడా పిలిచింది."

మాలకీ ఆ వారమంతా క్యాంటీన్ ఛాయలకే పోలేదు.

ఆదివారం వచ్చింది. బల్ల మీద పంది తొడమాంసం ముక్కలు, సోడా రొట్టె, అంచుకి బంగారు గీతలున్న కప్పులు. లాఫ్టస్ గారు మాట్లాడకుండా తింటున్నాడు. విన్నీ ఈక టోపీ పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, మాలకీ మొహాన్ని కోడిపెట్టని బేరమాడేవాడిలా అటూ ఇటూ చూస్తోంది. కార్మెల్ తనకి దక్కుతుందా దక్కదా అన్నది ఆ పూట తేలిపోతుందని మాలకీకి తెలుసు.

హనోరా కప్పు కింద పెట్టింది. "అయితే బాబూ, మీవాళ్ళెవరు?"

మాలకీ కత్తి పళ్ళెంలో పెట్టాడు. "అమ్మగారూ, నిజం చెప్పాలంటే నాకు..."

"అదేంటే హనోరా!" విన్నీ బల్ల మీద చరిచింది. "ఆ ముక్కు చూస్తే తెలీడం లేదూ? వీడు మా డీలియా కొడుకు!"



"ఏ డీలియా?" అంది హనోరా.

"మా పెద్దమ్మ కూతురే! పాపం పురిట్లోనే పోయింది. మొగుడు అంతకుముందే సముద్రంలో పోయాడు. పిల్లాణ్ణి ఎక్కడో దూరాన పెంచారు. ఎన్నాళ్ళుగా వెతుకుతున్నానో! నాయనా, మీ అమ్మ చేత్తో రొట్టె చేస్తే వీధి చివరికి వాసనొచ్చేదిరా."

హనోరా మొహం విప్పారింది. "మేయో వాడేనన్నమాట! ముందే చెప్పొచ్చు కదా బాబూ. అంటే విన్నీకి కొడుకు వరస. విన్నీ నాకు అక్క వరస. అంటే..." వేళ్ళు మడుస్తూ మడుస్తూ ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "అంటే వీడు కార్మెల్‌కి అన్న వరస అవుతాడు!"



"రక్తసంబంధం!" అంది హనోరా. "చుట్టాల మధ్య పెళ్ళంటే ఫాదర్ గారు అనుమతి కోసం బిషప్‌కి రాయాలంటారు. సంఘంలో అందరూ నోళ్ళు నొక్కుకుంటారు. విన్నీ, ఈ పెళ్ళి కుదరదు."

కార్మెల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాలకీ విన్నీ వైపు చూశాడు. చుట్టాలు లేక పోవాల్సిన సంబంధం, చుట్టరికం ఎక్కువై పోతోంది. విన్నీ కప్పు ఎత్తి టీ మొత్తం గటగటా తాగేసింది. ఆవిడ వేడి టీ తాగడం ఎవరైనా చూడటం అదే మొదలు. తర్వాత టోపీ మీది ఈకని ఒకసారి తడుముకుంది.

"హనోరా, నీకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు."

"ఏంటీ?"

"పొరపాటు పడ్డాను." ఆ మాట ఆవిడ నోట కొత్తది. తడబడుతూ వచ్చింది. "మా అమ్మమ్మ కొండకి ఇవతలి క్లియరీల పిల్ల. మీ అమ్మమ్మ అవతలి క్లియరీలది. వాళ్ళకీ వీళ్ళకీ గొర్రెల దగ్గర కొట్లాటలే తప్ప వియ్యాలు లేవు. నాకీమధ్యే గుర్తొచ్చింది."

"ఇరవయ్యేళ్ళుగా అక్కనంటూ నా బల్ల దగ్గర కూర్చుని..." హనోరా కప్పు పక్కకి నెట్టింది. ఆ చుట్టరికాన్ని అన్నేళ్ళూ పంటి బిగువున భరించిన మనిషి, అది పోతుంటే బిక్కమొహం వేసింది. "ఏటా క్రిస్మస్ మర్నాడు మా ఇంటికొచ్చి..."

"మీ వైన్ తాగాను. దాన్నిప్పుడు వెనక్కివ్వలేను కదమ్మా."

లాఫ్టస్ గారు అప్పటికి నోరు విప్పాడు. "అవతలి క్లియరీలు వేరేనని మా నాన్న కూడా అనేవాడు" అన్నాడు, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "రక్తం కలవనప్పుడు ఇంక అభ్యంతరమేముంది? కార్మెల్, ఆ అబ్బాయికి ఇంకో ముక్క వెయ్యి."

బస్సు స్టాపు దాకా మాలకీ విన్నీ పక్కనే నడిచాడు.

"మిసెస్ డర్కన్, డీలియా అని నిజంగా ఉండేదా?"

"ఉండేది. బంగారంలాంటి పిల్ల. పెళ్ళీ పెటాకులూ లేకుండానే పోయింది."

"మరి నేను..."

"దానికి కొడుకు లేడు. నీకు అమ్మ లేదు. ఇందులో ఎవరికిరా నష్టం?"

"నా సంగతి మీకెలా తెలుసు?"

"చలికాలంలో పంపు నీళ్ళు తాగేవాడెవడో నాకు తెలీదట్రా? చెప్పుకోడానికి నలుగురున్నవాడు నా కూజా దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. లేనివాడే తప్పించుకు తిరుగుతాడు." ఆవిడ బస్సు వచ్చే వైపు చూసింది. "క్యాంటీన్‌లో ఉన్న చుట్టాలందరూ నాకు చుట్టాలే అనుకున్నావా? ఊరుగాని ఊళ్ళో బిక్కుబిక్కుమంటూ నిలబడతారు. ఏదో ఒక వరస కలపకపోతే ఎలా?"

"కానీ హనోరా గారితో చుట్టరికం? ఆ పెద్దబల్ల?"

"ఆ, ఏముందిలే. ఆ చివర గాలి ఎక్కువ" అంది విన్నీ. ఆ మాట అంటూ ఇందాకటిలా ఈకని మాత్రం తడుముకోలేదు. బస్సెక్కుతూ వెనక్కి తిరిగింది. "శనివారం రా. పెరటి తలుపు రంగు పోయింది. డీలియా కొడుకన్నాక తప్పదు."

ఆ ఏడాది మేయో విందులో విన్నీ వంటింటి గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుంది. పక్కన ఎవరి అమ్మమ్మ గురించో ఆరా తీస్తూ సంతోషంగానే ఉంది గానీ, ఈక టోపీ పెట్టుకురాలేదు. అది మాలకీ గమనించాడు.

వసంతంలో పెళ్ళి. చర్చిలో ఎడమవైపు బల్లలన్నీ లాఫ్టస్‌ల వాళ్ళవే. కుడివైపు పెళ్ళికొడుకు వాళ్ళవి. ఆ ఖాళీ బల్లల్ని తల్చుకుని మాలకీకి రాత్రంతా నిద్ర లేదు. వెనక్కి చూడకూడదని ఒట్టు పెట్టుకుని ముందు నిలబడ్డాడు. అయితే వెనకాల బల్లలు కిర్రుమంటున్నాయి, దగ్గులు వినిపిస్తున్నాయి, ఎవరో జరగమంటున్నారు. ఉండబట్టలేక తిరిగి చూశాడు. కుడివైపు ఇసుక వేస్తే రాలడం లేదు. క్యాంటీన్ మొత్తం దిగింది. పోలీసు పెంబర్టన్ గారు బొత్తాలు మెరిసేలా యూనిఫాం వేసుకొచ్చాడు. ఆస్పత్రిలో పక్క మంచమాయన కర్ర పట్టుకుని కూర్చున్నాడు. "మీరెవరి తాలూకు?" అని లాఫ్టస్‌ల వాళ్ళు అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పెళ్ళికొడుకు వాళ్ళమ్మ వైపు." మొదటి బల్లలో తల్లి కూర్చోవాల్సిన చోట, ఈక టోపీతో విన్నీ.

పెళ్ళి భోజనాల దగ్గర హనోరా బిగుసుకుని నిలబడింది. "నీకు కుర్చీ ఎక్కడ వేయించాలో తెలీడం లేదు విన్నీ. మనం చుట్టాలం కాదు కదా ఇప్పుడు."

"ఎవరన్నారే ఆ మాట?" విన్నీ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మమ్మల చుట్టరికమైతే పోయింది. ఇవాళ పొద్దున్నుంచి నీకు నేను వియ్యపురాల్ని. అమ్మమ్మల్ని కాదనొచ్చు. వియ్యపురాల్ని కాదను చూద్దాం!"

హనోరా ఏదో అనబోయి, నవ్వాపుకోలేక, తన పక్క కుర్చీ లాగింది. పెద్దబల్లకి చివర కాదు, నట్టనడుమ.

మాలకీ తనే టీ కూజా తెచ్చి, ఆవిడ కప్పు నిండా పోశాడు. "పిన్నీ, చల్లారిపోతుంది, తాగు."

విన్నీకి ఆ మాట వినిపించినట్టే ఉంది. కళ్ళు తుడుచుకుంది కూడా. కానీ అప్పటికే వడ్డించే కొత్త అమ్మాయి పళ్ళెం పట్టుకుని అటు వచ్చింది. విన్నీ ఆ పళ్ళెం అంచు గట్టిగా పట్టుకుంది.

"ఏ కౌంటీ తల్లీ మీది?"