కింది గదిలో నీళ్ళు

నాకు కోపం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. పాతపట్నం వైపు పుట్టిన దాన్ని రామతీర్థం దగ్గర పల్లెలో మా మేనత్త కొడుక్కే ఇచ్చారు గనక సరిపోయింది. పరాయి ఇంటికి వెళ్ళుంటే మూడో రోజే మూటతో సహా తిప్పి పంపేవాళ్ళని మా అత్తే అనేది. నేను చెప్పబోయేది అరవైల చివరి మాట. నాకు పెళ్ళయి రెండో వేసవి.

మా అత్తవారింట్లో ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేనిది ఒకటుండేది, కింది గది. రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని జనం పల్లెలకి పరిగెత్తిన ఏడాది, తర్వాతి బాంబు తన ఇంటి మీదేనని మా మావ గట్టిగా నమ్మాడట. వెనక వసారా కింద తనే గునపం పట్టి తవ్వాడు. ఎనిమిది మెట్లు, చుట్టూ రాతి గోడ, పైన తాటి దూలాలు. బాంబు రాలేదు. బాంబు వేసేవాడికి ముందు మన ఊరు కనపడాలి కదా అని అందరూ పగలబడి నవ్వారట. ఆయన మాత్రం విత్తనాల కుండలన్నీ ఆ గదిలోకి దించేశాడు. పాతికేళ్ళు ఆ గదిలో మేం చోళ్ళనే రాగులు, ఉలవలు, విత్తనం వేరుశనగ, బెల్లం చుక్క తడి తగలకుండా ఉన్నాయి.

నేను వచ్చేసరికే మావ పోయి మూడేళ్ళయింది. అత్త మాత్రం దాన్ని కింది గది అనేది కాదు. "మీ మావ గదిలోంచి ఉలవలు తేవే" అనేది.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే అందులో నీళ్ళు పడ్డాయి. మొదట ఒక మూల చెమ్మ, తర్వాత పాదాలు తడిసేంత నీళ్ళు, వానాకాలంలో మడమల లోతు. వేరుశనగ కుండలోనే మొలకెత్తింది. బెల్లం పాకంలా కారింది. తప్పేలాతో ఎత్తి పోశాను, గోనెపట్టాలతో ఒత్తాను, వేపాకు పొగ వేశాను. హమ్మయ్య ఆరింది అనుకుంటే వారం తిరక్కుండా మళ్ళీ నీళ్ళే. నూతి దగ్గర ఒకావిడ నాకు వినపడాలనే అంది, "కోడలు కాలెట్టినాది, గదిలో నీలు పడ్డాయి." నా చేతిలో నిండు చేద ఉంది. అది ఆవిడ నెత్తిన వెయ్యకుండా ఇంటికి వచ్చానంటే నా జన్మకి అదొక గొప్పే.

ఆ వేసవిలో ఒకరోజు బావ రెండు బళ్ళ మట్టి తోలించి పెరట్లో పోయించాడు. బావంటే మా ఆయనే. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే.

"ఏటి బావా, ఈ మట్టెందుకు?" అన్నాను.

"గది పూడ్సెస్తాను. కింద ఊట పడ్డాది. ఊటకి మందు నేదు. గోడ నానిపోతే వసారా మన మీదే కూలిపోద్ది."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. గోడ రాళ్ళ మధ్య సున్నం అప్పటికే వేలితో గీస్తే రాలుతోంది. అత్త మాత్రం ఆ మట్టి కుప్ప వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వెతికితే కింది గది మెట్ల మీద కూచుని ఉంది, తడి తగలకుండా కాళ్ళు ముడుచుకుని.

"మీ మావ సేతులు బొబ్బలెక్కిపోయీవే, దీన్ని తవ్వినప్పుడు. నాను నూని రాసీదాన్ని," అంది. "నా కల్ల ముందే మట్టి పోసెస్తారు గావాల."

తిన్నగా బావ దగ్గరికి వెళ్ళి, పది రోజులు ఆగమన్నాను.

"పది రోజుల్లో ఏటి సేస్తావు?"

"నాకేటి తెలుసు? ఆగమంతన్నాను, ఆగు."

ఆగాడు. పాపం, నాతో వాదన పెట్టుకుంటే పొలం పని సాగదని అతనికి అప్పటికే తెలుసు.

నేను చదువుకున్నదాన్ని కాదు గానీ రోజూ నీళ్ళు తోడేదాన్ని. ఆ ఎండలకి నూతిలో నీళ్ళు అడుగంటి, చేంతాడుకి ఇంకో మూర ముడెయ్యాల్సి వస్తోంది. అంత లోతు నూతిలో లేని నీళ్ళు ఎనిమిది మెట్ల కింద గదిలోకి ఊటగా ఎలా వస్తాయి? ఊట కాదు. ఎక్కడి నుంచో పోస్తే వస్తున్నాయి. ఆ ఆలోచన వచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

గదంతా ఎండబెట్టి, పొయ్యిలో బూడిద జల్లించి, గోడల వారన నేలంతా పల్చగా చల్లాను. తడి ముందు ఎక్కడ తగిలితే అక్కడ నల్లబడుతుంది కదా. రోజుకి మూడుసార్లు దిగి చూసేదాన్ని. నాలుగు రోజులు బూడిద తెల్లగానే ఉంది. అయిదో రోజు మధ్యాహ్నం వెనక గోడ మూల నల్లబడింది. వంగి చూస్తే రెండు రాళ్ళ మధ్య నుంచి సన్నగా నీరు జారుతోంది. వేలు ముంచి వాసన చూశాను. పుల్లటి వాసన. ధాన్యం నానిన వాసన.

మా వైపు తినేది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని పెద్ద గోలేల్లో రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్ళు తీసేసి, ఉడికించి, ఎండబెట్టి దంపుకుంటాం. ఆ పులిసిన నీళ్ళ వాసన మా ఆడవాళ్ళకి చీకట్లో కూడా తెలుస్తుంది. మా ఇంట్లో నాలుగైదు రోజులకో వాయి నానేది. ఆ నీళ్ళు తీసేది అత్త. పోసేది ఆ గోడ వెనక ఉన్న కొబ్బరి మొక్కకి.

ఆ మొక్కని మావ పోయే ముందు నాటాడు. "దాన్యం నీలు వీదిలో పారబొయ్యకే, దీనికి పొయ్యి" అని అత్తకి చెప్పాడట. ఆయన పోయినా ఆ మాట పోలేదు. జ్వరంతో ఉన్నా సరే, నన్ను ముట్టనివ్వకుండా తప్పేలాకి తప్పేలా తనే మోసి ఆ పాదులో పోసేది. ఆ గదిని ప్రాణంగా చూసుకునే మనిషే ఆ గదిలో నీళ్ళు పోస్తోంది. ఇది వెళ్ళి ఆవిడతో ఎలా చెప్పను? ఎవరి మొహం మీదైనా ఏదైనా అనేసే దాన్ని, ఆ రోజు అన్నం కూడా సహించక కూచున్నాను.

బావకి మాత్రం చెప్పాను. అతను దిగి, వదులైన రాయొకటి లాగి, ఆ సందులో చెయ్యి పెడితే మోచేతి దాకా దూరిపోయింది. "పందికొక్కు బొక్క" అన్నాడు. బయట ఎక్కడ తేలిందో పొగ పెడితే తెలుస్తుందన్నాడు. అత్త ఇంట్లో లేనప్పుడు పెడదామన్నాను. బొక్క సంగతి ఒక్కటే తేలితే, పాపం పందికొక్కు మీదికే నెట్టెయ్యొచ్చని నా ఎత్తు.

గడువు ఆఖరి రోజు పొద్దున్న అత్త రామతీర్థం గుడికి బయల్దేరింది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే బావ కుండలో గడ్డీ ఎండు మిరపకాయలూ కుక్కి, నిప్పు పెట్టి, బొక్కకి ఆనించి కింద నుంచి ఊదడం మొదలెట్టాడు. నేను పెరట్లో నిలబడ్డాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. అత్త! చేతిలో నిండు తప్పేలా. నానిన నీళ్ళు తియ్యడం మరిచిపోయానని సగం దారిలోంచి తిరిగొచ్చేసింది.

ఆవిడ పాదు దగ్గర వంగిందో లేదో, కాళ్ళ దగ్గర నుంచి పొగ లేచింది.

"ఓలమ్మో! ఏటే ఇది, సెట్టు కాలిపోతన్నాదేటి?"

కింద నుంచి బావ దగ్గుతూ అరిచాడు, "పొగ కనబడ్డాదేటే?"

"కనబడ్డాది బావా! కొబ్బరి పాదులోంచే!" అని నేనూ అరిచేశాను. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక!

అత్త పొగ వైపు చూసింది, గోడ వైపు చూసింది, చేతిలో తప్పేలా వైపు చూసింది. మెల్లగా దాన్ని కింద పెట్టింది.

"ఈ నీలేనేటే?"

"పందికొక్కు అత్తా. ముదనష్టపు పందికొక్కు తవ్వేసినాది."

"బొక్క పందికొక్కు తవ్వినాది. నీలు పోసింది నాను." ఆ మట్టిలోనే చతికిలబడిపోయింది. "మీ మావ గదిలో నానే నీలు పోత్తన్నానే ఇన్నాల్లూ."

అత్త ఏడవగా నేను చూడ్డం అదే మొదలు. పక్కన కూచుని నేనూ ఏడ్చాను. కళ్ళు మంటలెక్కి, మొహమంతా మసి పూసుకుని పైకొచ్చిన బావకి ఏమీ అర్థం కాలేదు.

"ఏటయినాది? పందికొక్కు గానీ కరిసినాదేటి?"

అంత ఏడుపులోనూ అత్తకి నవ్వొచ్చేసింది. తర్వాత ఆవిడ గుడికి వెళ్ళలేదు. తిన్నగా నూతి దగ్గరికి వెళ్ళి, "నా కోడలి కాలు కాదర్రా, నీలు పోసిన సెయ్యి నాది" అని అందరి ముందూ చెప్పి వచ్చింది. అంతకంటే నాకేం కావాలి!

ఇక పని. బొక్కని పొడుగునా తవ్వి, గాజు పెంకులు కూరి, చెరువు బంకమన్ను పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాం. లోపలి గోడకి బావ సిమెంటు తెస్తానన్నాడు. వద్దని నేను పోట్లాడాను. పాత సున్నపు గోడ లోపల పట్టిన చెమ్మని సిమెంటు బయటికి పోనివ్వదని మా నాన్న అనగా విన్నాను. గుల్లసున్నం తెప్పించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి నూరి, సందులన్నీ మెత్తించాం. అత్త మాకంటే ముందే లేచి సున్నం నూరేది. ధాన్యం నీళ్ళకి తాటి దోనె పెట్టి, చెట్టుకి అవతలి పక్కకి మళ్ళించాం. మావ మాట పోకూడదు కదా.

చివరికి పెరట్లో మట్టి కుప్ప మిగిలింది. బావ దాన్ని మళ్ళీ బండికెత్తబోతుంటే అత్త ఆపింది.

"ఎక్కడికిరా? గదిలో పోద్దామని తెచ్చిన మట్టి గదికే వాడాల. గోడ బయట ఎత్తుగా పొయ్యి. సెట్టు పక్కకి వాలుగా కొట్టు. వాన నీరు గోడకాడ నిలవదు."

పాతికేళ్ళు మావ పక్కన ఉన్న మనిషికి ఆ మాత్రం తెలీదా! అలాగే పోశాం.

జ్యేష్ఠంలో వాన పడింది. మూడు రోజులు ఆకాశానికి చిల్లు పడినట్టే కురిసింది. అన్నాళ్ళూ నేను గది తలుపు తియ్యలేదు, భయంతో. నాలుగో రోజు అత్తే తలుపు తీసి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. వెనకే నేను దిగాను. వానకి ముందు నేను మళ్ళీ చల్లిన బూడిద చల్లినట్టే తెల్లగా ఉంది. అత్త వంగి వెనక మూల నేలకి అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచింది.

"ఇదిగో, సూడు. తడి నేదు," అంది.

"సూసినానత్తా," అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు.

"నీకు కాదులే. నువ్వు పైకి పో."

కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చేశాను.