ఆషాఢంలో సముద్రం దాటిన మా అత్తగారు

మా అత్తగారు పోయిన గురువారం పొద్దున్న ఇంట్లోనే కన్నుమూశారు. నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు మూసెయ్యమని గాజువాకలో చుట్టాలందరూ పట్టుబట్టారు. మేం మూయలేదు. తలుపులు తీసే ఉన్నాయి.

ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. "మూర్తం సూసుకుని పుట్టినోడ్ని గానీ, సచ్చినోడ్ని గానీ నాను సూడనేదమ్మా" అనేవారు. మామగారు పోయాక కూడా బొట్టు తీయలేదు, సాయంత్రం మల్లెపూలు మానలేదు. ఎవరైనా వింతగా చూస్తే, అంతకంటే ఎక్కువసేపు తిరిగి చూసేవారు.

ఆఫ్రికా వెళ్లాలని అత్తగారూ మామగారూ కలిసి అనుకున్నదే. ఆదివారాలు టీవీలో ఆ అడవులు చూస్తూ మామగారు "వచ్చే ఏడు ఎల్దాం" అనేవారు. ఆయన పోయిన కొన్ని నెలలకే అత్తగారు నన్ను వెంటబెట్టుకుని ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసుకి వెళ్లారు.

అక్కడాయన ఏప్రిల్ అన్నాడు, రేటు తక్కువని.

"ఎందుకు తక్కువ బాబూ?"

"అప్పుడక్కడ వానలండి. గడ్డి ఏపుగా పెరిగి జంతువులు సరిగ్గా కనబడవు. బీచ్ దగ్గర హోటళ్లు కూడా కొన్ని మూసేస్తారు."

"మరి టీవీలో సూపించినట్టు ఆ జంతువులు గుంపులుగా నది దాటేదెప్పుడు?"

"జూలై ఆఖర్నుంచండి. వానలుండవు, బీచ్ కూడా బావుంటాది. కానీ మనకి ఆషాడం..."

"మనకి. ఆటికి కాదు కదా. అప్పుడికే టిక్కెట్లు తియ్యి."

ఆ సాయంత్రమే మామగారి అన్నగారు వచ్చారు.

"ఏటమ్మా ఇది? మొగుడు పోయి ఏడాది తిరగనేదు. ఆషాడంలో సముద్రం దాటతావా? నలుగురూ ఏటనుకుంటారు?"

"మీ తమ్ముడు వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటానే ఎల్లిపోనారు బావగారూ. నాను ఆగను."

"అయితే మా గుమ్మం తొక్కకు."

"అలాగే. మా గుమ్మం మాత్రం మీకు తీసే ఉంటాది."

ఆయన మాట మీదే నిలబడ్డారు. ఎన్నేళ్లయినా ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. అత్తగారు అందుకు బాధపడేవారు, వెళ్లినందుకు కాదు.

జూలై ఆఖర్లో అత్తగారూ నేనూ ఆఫ్రికా వెళ్లాం. నది ఒడ్డున మా జీపు పొద్దుట్నుంచీ ఆగి ఉంది. వేలకొద్దీ జంతువులు నీళ్లదాకా వచ్చి బెదిరి వెనక్కి మళ్లేవి. నాకు విసుగొచ్చింది. మధ్యాహ్నం దాటాక ఒకటి దూకింది, దాని వెనుక మిగతావన్నీ. అత్తగారు సీటు మీద నిలబడి "దూకండర్రా!" అని కేకలేశారు. తర్వాత కూలబడి ఏడ్చారు. మామగారు పోయిన రోజు కూడా ఆవిడ అంతలా ఏడవడం నేను చూడలేదు.

అక్కణ్ణుంచి బీచ్ కోసం జాంజిబార్ దీవికి వెళ్లాం. రుషికొండ దగ్గర హోరెత్తే అలలు చూసిన కళ్లకి ఆ సముద్రం వింతే. ఆటు వస్తే నీళ్లు కనుచూపు మేర వెనక్కి పోతాయి. చివరి సాయంత్రం ఆవిడ కుచ్చెళ్లు ఎగదోపుకుని ఆ తడి ఇసుకలోకి నడిచారు.

"ఎక్కడికత్తయ్యా? నీళ్లు మళ్లీ వచ్చేస్తాయి!" అని అరిచాను.

"రానీ. ఎంత దూరం ఎల్లిందో సూసొత్తాను."

వెనక్కి తిరిగి చూడలేదు. ఎర్రచీర చిన్నదవుతూ, ఇంకా చిన్నదవుతూ, నీళ్లు మొదలయ్యే చోట నిలిచింది.