మా నాయనమ్మ వేసిన ఎస్పీ

రైల్లో సంచీ పోగొట్టుకున్న పాపానికి మొన్న పట్నంలో పోలీసుల పెద్దాఫీసు వరండాలో ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. డెబ్బై దాటినదాన్ని కదా అని ఒక కానిస్టేబులమ్మాయి ఫ్యాను కింద కుర్చీ వేసి, "కాసేపు కూర్చోండి మామ్మగారూ, సార్ పిలుస్తారు" అని చెప్పి పోయింది. ఎదురుగా గోడకి పెద్ద చెక్క బోర్డు. ఇక్కడ పోలీసు పెద్దలుగా పనిచేసినవాళ్ళ పేర్లన్నీ వరసగా పసుపు రంగుతో రాసి ఉన్నాయి. మొదట తెల్లదొరలు, తరవాత మనవాళ్ళు. ఒక్కో పేరు పక్కన ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగిపోయాడు. కమిషనర్ అనే మాట బాగా కిందికొస్తే గాని కనిపించదు. నా పడుచుతనంలో పట్నానికీ మా కొండలకీ కలిపి పెద్ద ఒక్కడే, ఎస్పీ. చదువుతూ చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ బోర్డు మీద ఉన్న చాలామందిని మా నాయనమ్మ వేరే పేర్లతో ఎరుగును.

మాది అరకు లోయకి పైన, ఘాట్ రోడ్డు మెలిక తిరిగే చోట ఉన్న చిన్న ఊరు. పట్నంలో ఎస్పీ మారినప్పుడల్లా కొత్తాయన ఒకసారి కొండెక్కి చూసిపోవడం ఆనవాయితీ. ఆయన్ని ఎవరు వేశారో, ఎందుకు వేశారో మాకు తెలిసేది కాదు. మాకు తెలిసేది జీపు దుమ్మూ, అంతకు ముందురోజు ఊళ్ళో కోళ్ళు మాయమవడమూ. వచ్చిన ప్రతి ఒక్కరికీ నాయనమ్మ పేరు పెట్టేది. మంచు తప్ప ఎండే లేని రోజున కూడా జవాను చేత గొడుగు పట్టించుకున్నాయన గొడుగు దొర. ఊరూరా కోళ్ళు తిన్నాయన కోడి దొర. పాపం, ఆయనకి ఆ కోళ్ళ సంగతే తెలియదేమో, కిందివాళ్ళే ఆయన పేరు చెప్పి కానిచ్చేశారేమో, అయినా పేరు ఆయనకే పడింది. ఏం చెప్పుకున్నా 'చూస్తాను' అని వెళ్ళి మళ్ళీ కనిపించనాయన చూస్తాను దొర. ఈ పేరు ఒక్కరితో ఆగలేదు కాబట్టి పొడుగు చూస్తాను, బట్టతల చూస్తాను అని విడదీసుకోవలసి వచ్చింది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళ వయసులు కూడా ఈ లెక్కనే ఉండేవి. నేను కోడి దొర కాలం దాన్ని. బళ్ళో చేర్చినప్పుడు పుట్టిన తేదీ అడిగితే మా నాన్న ఆ మాటే చెప్పాడట. మాస్టారు తనకి తోచిన తేదీ వేసుకున్నారు.

మా ఊరి పెద్దని వేసుకునే పద్ధతి ఇలా ఉండేది కాదు. తండ్రి పెద్ద అయినంత మాత్రాన కొడుకు పెద్ద కాడు. ఊరంతా కూర్చుంటుంది. ఎంచుకున్న మనిషి చెప్పులు విడిచి నడిచొచ్చి, ఊరి మొదట ఉన్న బండ మీద కూర్చోవాలి. ఊళ్ళో అందరికన్నా పెద్దవయసు ఆడమనిషి ఆకు డొప్పలో చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోసివ్వాలి, అతను తాగాలి. అప్పుడే పెద్ద. ఆమె ఇవ్వనంటే ఇంక మాట లేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ డొప్ప ఇచ్చే చెయ్యి నాయనమ్మదే. ఒకసారి ఒకాయన పెళ్ళాన్ని కొట్టాడని తెలిసి, అంబలి కుండ నెత్తిన పెట్టుకుని తిరిగి ఇంటికొచ్చేసింది. ఆయన బండ మీద పొద్దెక్కేదాకా కూర్చుని లేచిపోయాడు.

నేను టీచర్ ట్రైనింగ్ ముగించి పోస్టింగ్ కోసం ఎదురుచూస్తున్న ఏడు, మళ్ళీ కొత్త ఎస్పీ వస్తున్నాడన్నారు. ఉత్తరాది మనిషి, కుర్రవాడు, తెలుగు రాదు. ఆయన మకాం సామాను కొండ మీది బంగళాకి మొయ్యడానికి మనుషుల్ని పంపమని మా వైపు ఇన్‌స్పెక్టరు కబురు పెట్టాడు. కూలి మాట లేదు, అంతకు ముందూ ఎప్పుడూ లేదు. మా నాన్న, "కూలిత్తే మోత్తాం బాబూ, నేకపోతే నేదు" అన్నాడు. అన్నది అంతే. సంతరోజు నలుగురూ చూస్తుండగా పట్టుకెళ్ళి లాకప్పులో వేశారు. టేకు చెట్లు కొట్టాడని కేసు. మా కొండ మీద టేకు మొక్కన్నది లేదు. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అవి ఇటుకల పండగ రోజులు. చైత్రంలో వచ్చే ఆ పండగకి మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. మా ఊళ్ళో పండగ ముగిసే సాయంత్రం, పూజారి దేవుడి ముందు పెట్టిన విత్తనాలు ప్రతి ఇంటి మగవాడి చేతిలోనూ పోస్తాడు. వాటిని కలపకుండా ఎవరూ విత్తు చల్లరు. మా ఇంట్లో మగవాడు నాన్న ఒక్కడే. ఆ సాయంత్రానికి ఆయన ఇంటికి రాకపోతే ఆ ఏడు మా చేను బీడే. నాయనమ్మ స్టేషనుకి నడిచి వెళ్ళి అడిగితే, ఎస్పీగారు వచ్చి వెళ్ళాక చూద్దాం అన్నారట. ఆ మాట విని ఆమె ఏడవలేదు. తిరిగొచ్చి, రోడ్డుకి అడ్డం కట్టే వెదురు గడ ఎక్కడుందని అడిగింది.

ఆ గడ సంగతి చెప్పాలి. మగవాళ్ళు అడవిలో ఉన్నన్నాళ్ళూ రోడ్డు ఆడవాళ్ళది. బస్సయినా లారీ అయినా ఊరి మొదటి బండ పక్కన కట్టిన మా గడ దగ్గర ఆగాలి. తోచింది చేతిలో పెట్టో, దిగి మాతో నాలుగడుగులు దింసా ఆడో వెళ్ళాలి. వేట నుంచి ఉత్తచేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోస్తాం, దానికో కుండ సిద్ధంగా ఉంటుంది. పోలీసు జీపు వస్తే మాత్రం అడక్కుండానే గడ ఎత్తెయ్యడం అలవాటు. ఆ ఏడు నాయనమ్మ ఎత్తనివ్వలేదు. గడ ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస నా చేత పట్టించింది.

ఎస్పీ కొండెక్కే రోజూ, విత్తనం పంచే రోజూ ఒకటే అయింది. పొద్దున్నే రెండు జీపులు వచ్చి గడ ముందు ఆగాయి. ముందు జీపులోంచి ఇన్‌స్పెక్టరు దిగి, "ఏయ్ ముసలీ, గడ తియ్యి. ఎవరొచ్చారో తెలుసా?" అన్నాడు.

"ఎవులొచ్చినారు?"

"ఎస్పీగారు. జిల్లాకే పెద్ద."

"ఎవులేసినారు?" అంది నాయనమ్మ.

"గవర్నమెంటు వేసింది."

"గవర్మెంటు ఏత్తే పట్నానికి పెద్ద. ఈ గడ కాడ మావింకా ఎయ్యనేదు. దిగి రమ్మను. నా కొడుకునెందుకు మూసీసినారో సెప్పమను."

వెనక జీపులోంచి ఎస్పీ తల బయటపెట్టి సంగతేమిటని ఇంగ్లీషులో అడిగాడు. ఇన్‌స్పెక్టరు సెల్యూట్ కొట్టి, ఇది కొండవాళ్ళ పండగనీ, పెద్దావిడ తమకి స్వాగతం చెప్పి దీవిస్తోందనీ ఇంగ్లీషులోనే చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. నేను నోరు తెరవబోతున్నానని కనిపెట్టి, ఇన్‌స్పెక్టరు నా పక్కకొచ్చి మెల్లిగా, "ఉద్యోగం కావాలా వద్దా నీకు? నీ మీద రిపోర్టు రాయాల్సింది నేనే" అన్నాడు. భయం వెయ్యలేదని బొంకను. కానీ ఆ మాటతో భయం కన్నా కోపం ఎక్కువైంది. "నో సార్. నాట్ వెల్కమ్. మై ఫాదర్ ఇన్ లాకప్" అని గట్టిగా అన్నాను. తరవాత పిల్లలకి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని, ఆ వాక్యమంత బాగా ఇంకేదీ చెప్పలేదు.

ఎస్పీ దిగి వచ్చాడు. కూలి సంగతీ, లేని టేకు సంగతీ, సాయంత్రం విత్తనం సంగతీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అంతా విని, "ఐ విల్ సీ" అన్నాడు. చూస్తానంటున్నాడని నేను నాయనమ్మకి చెప్పగానే ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని ఆయన అడిగాడు. పొడుగు చూస్తానునీ, బట్టతల చూస్తానునీ ఆయనకి పరిచయం చెయ్యక తప్పింది కాదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సూత్తానన్నోలందరూ ఎలిపోనారు బాబూ," అంది నాయనమ్మ. "నువ్వా బండ మీద కూకో. ఈడెల్లి నా కొడుకుని అట్టుకొత్తాడు." అని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి పేడనీళ్ళ కుండ చూపించింది. "బేగి ఎల్లిరా. ఉత్తసేతుల్తో ఒత్తే ఏటౌద్దో ఎరుగుదువు గదా."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. కానిస్టేబుళ్ళు లాఠీలు సర్దుకున్నారు. ఆయన ఒక్కమాటంటే మా అందరినీ ఈడ్చి అవతల పారేసేవారే. ఆయన గడ వంక, నాయనమ్మ వంక చూశాడు. బండ మీద కూర్చునేవాళ్ళు చెప్పులు విడవాలని నేనే చెప్పాను. వంగి బూట్ల తాళ్ళు విప్పుకోబోతే జవాను సాయానికి పరిగెత్తుకొచ్చాడు. ఆయన వద్దని తానే విప్పుకుని, మేజోళ్ళు బూట్లలో కుక్కి, వెళ్ళి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు జీపు వెనక్కి తిరిగింది.

పొద్దు నడినెత్తి దాటాక నాన్న ఆ జీపులోంచి దిగాడు. గడ్డం మాసి ఉంది, ఒక కన్ను వాచి ఉంది. ఎస్పీ ఆ కన్ను చూసి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు తల దించుకుని, కుండకి దూరంగా నిలబడ్డాడు. నాయనమ్మ కొడుకు చెంప ఒకసారి తడిమి, డొప్పలో అంబలి పోసి ఎస్పీ చేతికిచ్చింది. పులుపుకి ఆయన మొహం ముడుచుకుపోయింది గాని చుక్క మిగల్చకుండా తాగాడు. "ఇప్పుడేసినాం. ఇంక ఎల్లు," అని ఆమె గడ ఎత్తింది. ఆ సాయంత్రం నాన్న విత్తనం అందుకున్నాడు.

ఆ తరవాత మా ఊళ్ళో కూలి లేకుండా ఎవరూ ఎవరి సామానూ మొయ్యలేదు. నా పోస్టింగ్ ఒక ఏడాది ఆలస్యమైంది. ఎందుకో నాకు తెలుసు, దానికి విచారమూ లేదు. వానలు పడకముందే ఆ ఎస్పీకి బదిలీ వచ్చిందని విన్నాం. తరవాత వచ్చిన కొత్త ఎస్పీల కోసం ఊరివాళ్ళు అంబలి కాచమంటే నాయనమ్మ పొయ్యి దగ్గరికే వెళ్ళలేదు. "మనమేసినోడున్నాడు గదా, ఈలెవులు?" అనేది. ఆమె పోయేదాకా ఆ మాట మారలేదు. ఇంకో ఎస్పీకి పేరు కూడా పెట్టలేదు.

"ఏం వెతుకుతున్నారు మామ్మగారూ?" అంది కానిస్టేబులమ్మాయి. "మా ఎస్పీని," అన్నాను. కళ్ళజోడు పైకి తోసుకుని ఆయన్ని పట్టుకున్నాను. అన్ని పేర్ల మధ్య, చేరిన తేదీకీ దిగిన తేదీకీ నడుమ కొన్ని నెలలు. ఆ రెండో తేదీని నేను ఒప్పుకోను. కాలం ఎవరినైనా దింపేస్తుందంటారు, పట్నంలో దింపుకోనివ్వండి. మా నాయనమ్మ వేసినవాణ్ణి దింపమని దానికి ఎవరు చెప్పారు?