అల్మాటీలో నాకొక అక్క

మంగళవారం పొద్దున మా అమ్మాయి పెరట్లో కుళాయి కింద బిందె పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని ఏదో వింటూ నిలబడింది. ఎవరో ఆడమనిషి రష్యా భాషలో మాట్లాడుతోంది. నాకా భాష ఒక్క ముక్క రాదు. అయినా అది మా అక్క గొంతు కాదని మాత్రం తెలిసిపోయింది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా మా అమ్మాయి కుళాయి కట్టలేదు.

"ఏందంటమ్మా?" అన్నాను.

"బాబుష్కా పోయింది నాయనా. ఆదివారం పోయిందంట. వాళ్ళ కింద ఇంటామె చెప్తా ఉంది."

బాబుష్కా అంటే వాళ్ళ భాషలో అవ్వ. మా అమ్మాయి కజకిస్తాన్ దేశంలో అల్మాటీ అనే ఊళ్ళో ఏడాది పాటు ఆమె ఇంట్లోనే ఉంది. మా అమ్మాయికి అవ్వ, నాకు అక్క. తోడబుట్టిన వాళ్ళు లేని నాకు అరవై ఎనిమిదేళ్ళ వయసులో దేవుడు ఒక అక్కనిచ్చాడు. ఆమెను నేను ఫోనులో తప్ప చూడలేదు. మన సంఘం పత్రికలో ఆమె గురించి రాయమని పాస్టరు అయ్యగారు అడిగితే, ఏడో తరగతితో బడి మానేసి ఉప్పుమళ్ళలో దిగినవాణ్ణి, నేనేం రాస్తానయ్యా అన్నాను. "నువ్వు మాట్లాడేదే రాయి చాలు" అన్నారు. అందుకని రాస్తున్నాను. చదివే అన్నలారా, అక్కలారా, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా అమ్మాయి బుచ్చిరెడ్డిపాలెంలో ఉండి నర్సు చదువు చదివింది. అల్మాటీలో నడవలేని పిల్లల్ని సాకే ఆశ్రమం ఒకటుందని, ఏడాది జీతం లేకుండా సేవ చేసి వస్తానని అడిగింది. మంచి పనికి వద్దనడానికి నోరు రాలేదు. అప్పటికి మా ఇంటిది పోయి మూడేళ్ళు. అమ్మాయి కూడా ఆ దేశానికి వెళ్ళాక ఇంట్లో మనిషి గొంతు లేకుండా పోయింది. రేడియోలో వార్తలు చదివే ఆమె నమస్కారం అంటే, నమస్కారమమ్మా అని జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఎవరైనా వింటే నవ్విపోతారని వాకిలి దగ్గరేసుకునేవాణ్ణి.

అక్కను ఫోనులో మొదటిసారి చూసిన రోజు నాకు భయం వేసింది. నేను రెండు చేతులూ జోడించి, నోరంతా తెరిచి నవ్వాను. ఆమె తెల్లటి ముఖంతో నన్ను అట్లాగే చూసింది. పెదవి కూడా కదపలేదు.

"ఈమె నవ్వదేందమ్మా? నిన్ను బాగా చూసుకుంటా ఉందా?"

"ఇక్కడ ఊరికే నవ్వరు నాయనా. నవ్విందంటే నిజంగా నవ్వినట్టు."

ఆమె నిజంగా నవ్విన కథ ఒకటుంది. మా అమ్మాయి వెళ్ళేటప్పుడు నేను స్వయంగా చెక్కతో లాగి కుప్ప పోసిన రాళ్ళ ఉప్పు ఒక కిలో మూట కట్టిచ్చాను. పరాయి ఇంటికి వట్టి చేతులతో ఎట్లా పోతుంది? మొదటిరోజు మూట బయటికి తీస్తే అక్క చెయ్యి చాపిందట. మా అమ్మాయి ఆ చేతికివ్వకుండా మూటను బల్ల మీద పెట్టింది. ఉప్పు చేతికిస్తే పోట్లాటలొస్తాయని వాళ్ళమ్మ చెప్పిన మాట. అక్క చాపిన చేతిని అట్లాగే ఉంచి, మూట వంకా పిల్ల వంకా చూసి, పెద్దగా నవ్వేసిందట. వాళ్ళ దేశంలోనూ ఉప్పు చేతికివ్వరట. ఒకరి భాష ఒకరికి రాని రోజులవి. ఆ ఉప్పుతోనే మాటలు కలిశాయి.

ఆ ఉప్పుతో అక్క క్యాబేజీ ఊరబెట్టింది. అంగడి ఉప్పయితే మెత్తబడిపోతుందట, నా ఉప్పుకు కరకరలాడుతూ నిలిచిందట. సీసా ఫోను ముందు పెట్టి నాకు చూపించింది. యాభై ఏళ్ళు ఉప్పు లాగాను. ఇది ఫలానావాడి ఉప్పు అని ఏ ఒక్కరూ నాకు సీసా చూపించలేదు. ఆరోజు మా వీధిలో ఇంటింటికీ పోయి చెప్పాను. "అన్నకు ఎండ దెబ్బ తగిలినట్టుంది" అని ఎదురింటి కోడలు నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

అక్క ఆ ఊళ్ళో ట్రాలీబస్సు నడిపేదట. అంటే పైన కరెంటు తీగలు పట్టుకుని నడిచే బస్సు. ముప్పై ఏళ్ళు నడిపింది. రిటైరై ఎన్నో ఏళ్ళయినా, రోడ్డు మీద బస్సుకోసం ఎవరైనా పరిగెత్తితే తన కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కుతుందని చెప్పేది. "పరిగెత్తేవాణ్ణి వదిలేసి పోతే, ఆరోజు అన్నం సయించదు" అనేది. ఆమె అన్నం అన్నదో రొట్టె అన్నదో, మా అమ్మాయి మాత్రం నాకు అన్నమనే చెప్పింది.

మా అమ్మాయికి అక్కడ రోజుకొక సాహసమే. తలస్నానం చేసి టోపీ లేకుండా బయటికి పోతే జడ పుల్లలాగా గడ్డకట్టింది. బస్సులో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు నలుగురు చుట్టూ చేరి, టోపీ ఏదే పిల్లా అని తిట్టారు. మంచు మీద రెండుసార్లు జారి పడింది. అక్క వంటగదిలోనే నడక నేర్పింది, బాతులాగా, పాదం మొత్తం ఆనించి. ఫోనులో అది చూసి నేను, "మన ఉప్పుమళ్ళ గట్టు తడిగా ఉంటే ఎట్టా నడుస్తావో అట్నేగదమ్మా" అన్నాను. అక్కకు చెబితే తల ఊపింది. ముసలివాడికి కొంచెం బుద్ధుందని అనుకున్నట్టుంది.

ఒకరోజు సాయంత్రం మా అమ్మాయి బస్సు ఎటు పోతుందో చూసుకోకుండా ఎక్కి, ఊరి చివరికి పోయి దిగింది. అక్కకు చెయ్యాల్సిన ఫోను కంగారులో నాకు చేసింది.

"నాయనా, దారి తప్పినా. యాడుండానో తెలీడం లేదు."

"ఏడవబాక. సముద్రం ఎటుందో చూసుకో. అది తూర్పు."

"ఇక్కడ సముద్రం యాడుంది నాయనా?"

"లేదా? అయితే ఎట్టా మరి?"

నేనిక్కడ, అదక్కడ, ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత అక్కకు చేసింది. ముప్పావు గంటలో ఆమె బస్సెక్కి వచ్చింది, ఫ్లాస్కులో వేడి టీ పట్టుకుని. తిట్టలేదు, బుజ్జగించలేదు. టీ తాగేదాకా పక్కన నిలబడి, పిల్ల గడ్డం పట్టుకుని ముఖం ఒక పక్కకు తిప్పింది. అక్కడ మంచు కప్పిన కొండలున్నాయి. "అది పైన. ఇటు కింద. మన ఇల్లు కింద ఉంది. కొండ కనిపించినంత కాలం ఈ ఊళ్ళో ఎవరూ తప్పిపోరు" అన్నది. మన ఇల్లు అన్నది, చూశారా. నేను ఆ మాట నాలుగుసార్లు చెప్పించుకున్నాను. ఆరోజు నుంచే ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను.

ఆమెకు పిల్లల్లేరు. భర్త ఎప్పుడో పోయాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మా అమ్మాయి అక్కడికి పోకముందు ఆమె ఎట్లా గడిపేదో నేను అడగలేదు. ఆమె మాత్రం నా సంగతులన్నీ అడిగి తెలుసుకుంది. మా అమ్మాయి రేడియో సంగతి కూడా చెప్పేసింది. సిగ్గు పడ్డాను. అక్క నవ్వలేదు.

ఏడాది పూర్తి కావస్తుండగా ఆశ్రమం వాళ్ళు ఇంకో ఏడాది ఉండమన్నారు. మా అమ్మాయి మనసు అటే ఉంది. గొంతులోనే తెలిసింది.

"అక్కకియ్యి ఫోను. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు" అన్నాను.

"వద్దు నాయనా."

"చెప్పమ్మా. అక్కా, నేనీడ ఒంటిగా ఉండా. మాట్లాడే దిక్కు లేదు. నా బిడ్డను నాకు పంపించు."

తనకు ఇష్టంలేని మాట తన నోటితోనే చెప్పమన్నాను. పాపం, ఒక్క మాట మార్చకుండా చెప్పింది. అక్క బల్ల తుడుస్తూ విన్నది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. నాకు వంటెవరు చేస్తారని అడిగింది. నేనే చేసుకుంటానన్నాను. ఏం వండుకుంటానని అడిగింది. పొద్దున వండిందే సాయంత్రమూ తింటానన్నాను. అప్పుడు మా అమ్మాయితో ఏదో చాలాసేపు మాట్లాడింది. మా అమ్మాయి ఏడ్చింది.

"ఏమందమ్మా?"

"పంపిస్తానని చెప్పమంటా ఉంది."

అన్నలారా, ఆరోజు నా సంతోషం ఏమని రాయను. గుళ్ళో కానుక వేశాను. గోడలకు సున్నం కొట్టించాను. మా అమ్మాయి కొడవలూరు దగ్గర బస్సు దిగేసరికి, హైవే పక్కన ఎండలో మూడు గంటల ముందే వచ్చి నిలబడి ఉన్నాను.

తను వచ్చిన తర్వాత వారం వారం అక్కకు ఫోను చేసేవాళ్ళం. కెమెరా పాడైందనేది. గొంతు మాత్రమే వినిపించేది. ఐదు వారాలు అట్లా గడిచాయి.

ఆ మంగళవారం కింద ఇంటామె మిగతాది కూడా చెప్పింది. ఆకులు రాలే కాలంలోనే డాక్టర్లు అక్కకు చెప్పేశారట, ఎక్కువ రోజులు లేవని. ఈ పిల్ల చెవిన పడకూడదని కింద ఇంటామెతో ఒట్టు వేయించుకుందట. "తెలిస్తే కదలదు. అక్కడ ముసలాయన రేడియోతో మాట్లాడుతున్నాడు" అన్నదట. అంటే నేను అడిగిననాటికే ఆమెకు తెలుసు. బల్ల తుడిచిననాటికే తెలుసు.

మూడోరోజు మా అమ్మాయి అన్నం పెడుతూ అన్నది. "నువ్వు అడక్కపోయుంటే నేను ఉండుండేదాన్ని నాయనా. ఆఖరిగా గుక్కెడు నీళ్ళన్నా పోసుండేదాన్ని."

నిజం రాస్తున్నాను, బిడ్డ ఇంట్లో తిరుగుతుంటే నా సంతోషం తగ్గలేదు. వంటింట్లో గిన్నె చప్పుడు వింటే ప్రాణం లేచి వస్తుంది. ఆ చప్పుడు అక్క ఇంట్లోంచి తీసి నాకిచ్చింది. తను చప్పుడు లేని ఇంట్లో పోయింది.

అల్మాటీ నుంచి బయల్దేరిన రోజు పొద్దున మా అమ్మాయి తన పాత ఫోను అక్కకిచ్చి, దాంట్లోంచే నాకు వీడియో కలిపి బల్ల మీద నిలబెట్టింది. సంచులు తలుపు దగ్గరున్నాయి. ఇద్దరూ కోట్లు తొడుక్కుని, స్టూళ్ళ మీద కూర్చుని, మాట్లాడకుండా ఉన్నారు. లైను పోయిందనుకున్నాను.

"అలో, అలో. వినపడతా ఉందా? సిగ్నల్ పోయినట్టుందే."

"గమ్మునుండు నాయనా. ఈడ ఊరికి పోయేముందు అందరూ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారు."

నేను నోరు మూసుకుని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. తర్వాత ఇద్దరూ లేచారు, కౌగిలించుకున్నారు. తలుపు పడిన చప్పుడైంది. ఫోను కట్టడం ఎవరికీ గుర్తులేదు. కాసేపటికి అక్క ముఖం దగ్గరికి వచ్చింది. మధ్యలో మాట చెప్పే పిల్ల లేదు. ఆమె ఏదో అన్నది. "నీకు పదివేల దండాలక్కా, నా బిడ్డ వచ్చేస్తా ఉంది" అని నేనన్నాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూనే అన్నాను.

ఆమె ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, అద్దానికి ఆనించి కిందికి చూపించింది. కింద అంతా తెల్లగా మంచు. పసుపు పచ్చ టాక్సీలో మా అమ్మాయి సంచి పెడుతోంది. పైకి చూసి చెయ్యి ఊపింది. కారు కదిలింది. "బయల్దేరింది, బయల్దేరింది" అని నేనిక్కడ చప్పట్లు కొట్టాను.

కారు మలుపు తిరిగిపోయింది. అక్క ఫోను తనవైపు తిప్పుకుంటుందని చూశాను. తిప్పలేదు. మంచు మీద రెండు చక్రాల గీతలే కనిపిస్తున్నాయి. వాటి మీద మంచు సన్నగా పడుతోంది. అద్దం మీద ఆమె ఊపిరి ఆవిరిగా పట్టి, కరిగి, మళ్ళీ పడుతోంది. గీతలు రెండూ పూడిపోయేదాకా అక్క ఫోను పట్టుకున్న చెయ్యి దించలేదు.