కుట్టిన మనిషే ముందు వేలాడాలి

1961 ఎండాకాలం. పాలమూరు రైల్వే స్టేషన్ పక్క మైదానంలో సర్కస్ డేరా వేశారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. అక్షరాలూ, కుట్టుపనీ రెండూ మా బాపు ఇంట్లోనే నేర్పాడు. ఆయన డేరాలు, షామియానాలు కుట్టే మేర మనిషి. ఆయన కళ్లు మసకబారాక ఆ పని నా చేతికి వచ్చింది. నాలుగు మెతుకులు తినగలుగుతున్నానంటే ఆయన దయ, ఆపైన దేవుడి దయ.

సర్కస్ దర్జీ జ్వరంతో మంచం పట్టాడని, ఆడపిల్లల ఆటలు చూసుకునే కుంజమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మలబారు మనిషే గానీ మన జిల్లాలు తిరిగి తిరిగి మన మాటే మాట్లాడేది. ఆమెకు కావలసింది నడుము బెల్టు. డేరా పైకప్పు దగ్గర తాడుకు వేలాడుతూ బొంగరంలా తిరిగే పిల్ల దాన్ని కట్టుకుంటుంది. ఆ ఆటకు కింద వల ఉండదు.

మూడు మడతల కాన్వాసుకు మిషన్ సూది ఆగదు. కొయ్యపిడి ఉన్న ఇనుప ఆరెతో కన్నాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో చేత్తోనే కుట్టాలి. ఇనుప రింగు దగ్గర బాక్స్ స్టిచ్ వేస్తాం. అంటే నాలుగు పక్కలా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయడం. అప్పుడే బరువు అన్ని కుట్ల మీదా పంచుకుంటుంది. నడుమ దారం అయిపోతే ఆరు కుట్లు వెనక్కి విప్పి, కొత్త దారంతో మళ్లీ రావాలి. బాపు నేర్పిన పద్ధతి అది. నాకు సరిగ్గా ఆ ఇంటూ గుర్తు దగ్గరే దారం అయిపోయింది. వేళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. ముడేసి ముందుకు పోయాను. పైన తోలుముక్క కప్పేస్తుంది, ఎవరికి కనబడుతుంది అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆటకు ముందే బెల్టు తీసుకుపోయాను. ఆ ఆట ఆడే సరోజకు పందొమ్మిదేళ్లు ఉంటాయి. జడ ముడుచుకుంటూ నవ్వింది.

"అక్కా, గట్టిగ కుట్టినవా? పొద్దుగాల నాలుగు రొట్టెలు తిన్న."

"రెండెడ్లను కట్టినా ఆగుతది" అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో!

కుంజమ్మ బెల్టును తిప్పి తిప్పి చూసి, నా చేతికే ఇచ్చింది. "మంచిగున్నది. ఇగ కట్టుకో. ముందుగాల నువ్వు ఎక్కాలె."

పరాచికం అనుకున్నాను. "నేనా? బాయిల నీళ్లు చేదనీకె వంగితేనే నా కండ్లు తిరుగుతయి."

"ఎవ్వలు కుట్టిన్రో వాళ్లే ముందు యాలాడాలె. గిది రూబమ్మ పెట్టిన కట్టడి."

పక్కనున్న ట్రంకు పెట్టె మూత ఎత్తింది. మూత లోపల ఒక ఫొటో. నల్లటి మనిషి, తలెత్తి చూస్తున్న కళ్లు. నుదుట సర్కస్ పిల్లలు పెట్టిన కుంకుమ. రూబీ ఆమె పేరు. అమెరికా నుంచి ఓడలో వచ్చిందట. ఈ సర్కస్‌లో ఊయల మీద ఎగిరిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. కుంజమ్మకు ఆట నేర్పిందీ ఆమే.

"వాళ్ల దేశంల ఆమెకు బెల్టు సగం సగం కుట్టి ఇచ్చిన్రంట. నల్లది, పడితే పడనీ అన్నట్టు. పడ్డది, పక్కబొక్కలిరిగినయి. మల్ల లేశి ఎగిరింది. ఇక్కడికొచ్చినంక గీ కట్టడి పెట్టింది. ఆమె పోయి పన్నెండేండ్లు. కట్టడి మాత్రం పోలే."

తోలుముక్క కింది ముడి తప్ప నాకింకేదీ కనబడటం లేదు. సరోజ నా వీపు మీద చెయ్యేసింది. "భయపడకక్కా, నేను కిందనే ఉంట." ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నేను దిగాక ఎక్కేది ఈ పిల్లే కదా!

"కుంజమ్మా, జర ఆగు. ఒక్క జాగల మల్ల కుట్టాలె" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. గుంజ పక్కన పీట వేశారు. బయట బ్యాండు మొదలైంది, జనం గోల వినిపిస్తోంది. తోలుముక్క విప్పి ముడిని గోటితో లాగాను. వెంట్రుకలా జారి వచ్చేసింది. నాకు ఏడుపు వచ్చింది. జోగులాంబ తల్లిని తలుచుకుంటూ వెనక్కి విప్పి, మొదటి నుంచి కుట్టాను.

కుంజమ్మ ఆకు నములుతూ అంది: "ఫికర్ జెయ్యకు. ఇన్నేండ్లల్ల ముందుగాల కుట్టి తెచ్చిన బెల్టుతోని అట్లనే పైకి పోయినోల్లు ఒక్కరు లేరు. అందరు వాపసు అడిగినోల్లే. మా దర్జీ అయితే రెండుపార్లు అడిగిండు."

చీర గోచి పోసి, బెల్టు కట్టుకున్నాను. తాడు లాగారు. నేల కాళ్ల కింది నుంచి పోయింది. కాన్వాసు కిర్రుమన్నప్పుడల్లా నా ప్రాణం కుట్టు కుట్టుకూ ఆగి నడిచింది.

"అక్కా, దేవునికి దగ్గరైనవు! నా మాట గూడ జర చెప్పు!" కింది నుంచి సరోజ అరిచింది. చెప్పాను. నిజంగానే చెప్పాను.

నేను దిగాక, ఆ మధ్యాహ్నం ఆటలో సరోజ గిర్రున తిరిగి, కాళ్లు నేలకు ఆనేదాకా నేను జోడించిన చేతులు విడదీయలేదు.

రూబమ్మ ఏ ఊళ్లో పుట్టిందో, ఆమె సమాధి ఎక్కడుందో నాకు తెలియదు. దీపం పెట్టేటప్పుడు ఆమెకూ ఒక దండం పెట్టుకుంటాను. చంటిపిల్లల ఉయ్యాల పట్టీ కుట్టినా ముందు నా బరువు దాని మీద వేసి చూస్తాను. నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలకూ ఆమె కథ చెప్పి, వాళ్లు కుట్టినదాన్ని విప్పి చూడకుండానే వాళ్ల చేతికి ఇచ్చి, "ముందు నువ్వు వేలాడు" అంటాను. చాలామంది తల వంచుకుని, మళ్లీ సూది అడుగుతారు.