నులిపురుగుల నింద

ఏడాదిన్నర మనవడి డైపర్‌లో సన్నటి తెల్లదారం ముక్క కనపడితే, నా కూతురు ముందు డైపర్ కంపెనీని తిట్టింది. ఇంతలో ఆ దారం కదిలింది. నులిపురుగు. కంపెనీ బతికిపోయింది, నేను దొరికిపోయాను.

మనవడిని చూసుకోవడానికి కడప నుంచి హైదరాబాదులోని నానక్‌రామ్‌గూడ వచ్చినదాన్ని. పగలంతా కూతురూ అల్లుడూ చెరో గదిలో కూర్చుని లాప్‌టాప్‌లతో మాట్లాడుతుంటారు. నాకు మాటా పలుకూ ఉండేది సాయంత్రమే. కింద పార్కులో మనవడు ఇసుక తవ్వుకుంటుంటే, నేను తక్కిన అమ్మమ్మలతో, నానమ్మలతో కలిసి అందరి ఇళ్ల సంగతులూ తవ్వుతాను. ఆ గంట కోసమే నాకు తెల్లారుతుంది.

"నువ్వు మన్నులో ఇడిసిపెట్టబట్టే ఇట్లయింది మా. ఇంక కిందికి పోయేది వద్దు" అని కూతురు తేల్చేసింది.

నాకు ఒళ్లు మండింది. అల్లుడు పెట్టే చాక్లెట్ల వల్లే కడుపులో పురుగులు పడ్డాయని నా నమ్మకం. కానీ అల్లుణ్ణి మొహం మీద అనడం మా ఇంటావంటా లేదు. అందుకని ఆ కోపమంతా వంటింట్లో గిన్నెల మీద చూపించాను.

మర్నాడు అందరం పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మన్నునీ చాక్లెట్లనీ రెండింటినీ నిర్దోషులని వదిలేసింది. మన్నుతో వచ్చే పురుగులు వేరే రకమట. వీటి గుడ్లు మనుషుల నుంచే మనుషులకు అంటుకుంటాయట. గోళ్ల సందుల్లో, దుప్పట్ల మీద ఉంటాయట. చంటిపిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వాళ్లకు ఇట్టే వచ్చేస్తాయట.

"ఇంట్ల గోళ్లు కొరికేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది.

నేనూ కూతురూ ఒకేసారి అల్లుడి వైపు తిరిగాం. ఆయన చిటికెనవేలు ఆయన నోట్లోనే ఉంది. మీటింగుల్లో ఒక చేతి గోళ్లు ఆయన కొరుకుతుంటే, ఒళ్లో కూర్చున్న మనవడు రెండో చేతి వేళ్లు చప్పరిస్తుంటాడు. ఇంత కలిసికట్టుగా పనిచేసే తండ్రీకొడుకుల్ని నేనింకెక్కడా చూడలేదు.

డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ మాత్రలు రాసి, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతకమంది. నేను మనసులోనే పండగ చేసుకున్నాను.

సాయంత్రానికి ఆ సంతోషం కూడా పోయింది. కన్నకూతురే నింద వేసిందని ఏడుపొచ్చింది. వచ్చి బతిమాలేదాకా కదలకూడదని భీష్మించుకుని కూర్చున్నాను. అది వచ్చి పిల్లాణ్ణి నా ఒళ్లో పెట్టి, నా భుజం మీద తల ఆనించింది.

"కిందికి తీస్కపో మా. వచ్చినాక చేతులు కడుగుదాంలే."

కాసేపు బెట్టు చేద్దామనే అనుకున్నాను. అప్పటికే లిఫ్టులో ఉన్నాను.