మెలితోన్ మామ వంకర రోడ్డు

మెలితోన్ మామకు ఉన్న పిచ్చి ఒక్కటే. సాంబ్రాణి పొద అడ్డం వచ్చిందంటే గ్రేడరు బండి పక్కకు తిప్పేస్తాడు. పోసో ఓందో నుంచి కబోర్కా వెళ్ళే మట్టిరోడ్డును చదును చేసే పని ఆయనది. ఆ రోడ్డు మీద బస్సు నడిపే ఖర్మ నాది. ఆరేళ్ళ కింద ఈ పిచ్చి పట్టుకునేదాకా రోడ్డు బాగానే ఉండేది. ఇప్పుడు ఊరు దాటగానే మొదటి మైలులో పంతొమ్మిది వంకరలు. ఒక పెళ్ళికూతురు ఊళ్ళో ముసుగు వేసుకుని బస్సెక్కితే, కబోర్కా చర్చి దగ్గర దిగేసరికి అది అత్తగారి నెత్తిన ఉంది.

"మామా, ఆ పొద చచ్చిపోయింది. పుల్లలు తప్ప ఏం లేవు. తోసేసెయ్," అనేవాణ్ణి.

"చచ్చిపోలేదురా, ఆలోచిస్తోంది."

"రెండేళ్ళ నుంచా?"

"నువ్వెప్పుడైనా ఆలోచించుంటే తెలిసేది, ఎంతసేపు పడుతుందో."

ఒక్క మాట ఒప్పుకోవాలి. మా సొనోరా ఎడారిలో ఒక్క మంచి వాన పడితే చాలు, ఆ పుల్లలే వెండిరంగు ఆకులు తొడిగి, ఫిబ్రవరికల్లా కొండవాలంతా పసుపుపచ్చగా పూసేవి. ఆ మైలు పొడుగునా బస్సులో కోళ్ళు తప్ప ఎవరూ నోరు విప్పేవారు కాదు. నేను కూడా తిట్లు మరిచిపోయేవాణ్ణి. అంత ఎండిన దాంట్లో అంత పసుపు ఎక్కడ దాక్కుంటుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

కానీ వాన మొహం చాటేసిన ఏడు నా ఓపిక కూడా ఎండిపోయింది. రోడ్డు తిన్నగా వేయించమని రోడ్ల ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. తాడూ జెండాలూ పట్టుకుని ఇంజనీరు దిగాడు.

"ఈ పొదలన్నీ పీకి తిన్నగా వెయ్యి. నీవల్ల కాదంటే సోమవారం ఇంకో మనిషి వచ్చి నీ బండెక్కుతాడు," అన్నాడు మామతో.

"సోమవారానికి ఇంకా టైముందిగా బాబూ. అవి ఆలోచిస్తున్నాయి," అన్నాడు మామ.

శనివారం ఏడో వంకర దగ్గర టైరు పంక్చరైంది. జాకీకి రాయి వెతుకుతూ పొద వెనక్కి వెళితే, చదునైన బండ మీద రెఫుహియో అవ్వ కూర్చుని ఉంది. మా చర్చిలో ధూపానికి నలభై ఏళ్ళుగా ఈ పొదల బంక ఏరి ఇచ్చేది ఆవిడే. ఎండుపుల్లల మీది బంక బొట్లు గిల్లి డబ్బాలో వేసుకుంటోంది.

"బంక కోసం కొండెక్కేదానివి కదవ్వా?"

"మోకాళ్ళు పోయి ఆరేళ్ళయింది నాయనా. ఇక ఇంట్లో కూర్చుని చావు కోసం చూడ్డమే అని ఏడిచాను. దేవుడు విన్నాడు. పొదల్నే రోడ్డు మీదికి దింపాడు."

"మరి ఈ బండ?"

"అదీ దిగొచ్చింది. నేను అలిసిపోయే చోటల్లా ఒకటుంది చూడు."

నడిచి చూశాను. వంకరకూ వంకరకూ మధ్య అవ్వ అడుగులు అరవై. ప్రతి వంకరలో ఒక పొద, దాని నీడలో ఒక బండ, బండ మీద గ్రేడరు బ్లేడు గీసిన గీత. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

టైరు మార్చి, తిన్నగా మామ దగ్గరికెళ్ళాను. "ఆ బండలు ఎవరు పెట్టారు మామా?"

"ఏ బండలు?"

"మామా."

"నోరు మూసుకో. ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది. మధ్యలో నేనెందుకు?"

సోమవారం ఇంజనీరు తాడు విప్పుతుంటే, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

"ఎందుకు?"

నిజం చెప్పడానికి లేదు. "బస్సుకు వంకరలే అలవాటయ్యాయండి," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, బూటుతో మొదటి పొదను కదిపాడు. "ఈ ఎండుపుల్లల కోసమా? ఇది చచ్చిపోయింది కదయ్యా."

గ్రేడరు మీంచి మామ నావైపు చూశాడు.

"చచ్చిపోలేదండి. ఆలోచిస్తోంది," అన్నాను.

"ఈ ఊళ్ళో అందరికీ ఉందన్నమాట ఈ జబ్బు," అని తాడు చుట్టుకుని ఆయన జీపెక్కేశాడు.

నెల తిరక్కముందే ఏడో వంకరకూ ఎనిమిదో వంకరకూ మధ్య కొత్త వంకర పడింది. అవ్వ నడక ఇంకొంచెం తగ్గిందన్నమాట. హారను కొట్టకుండా, మెల్లిగా స్టీరింగు తిప్పాను.